పాఠకుల ప్రశ్నలు: పాత ఔట్‌బోర్డ్ మోటారుకు లాగే బలం తగ్గితే

ప్రశ్న: మా మేనమామ గారు చాలా ఏళ్ల క్రితం మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న జాన్సన్ సీహార్స్ 10 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు ఇప్పుడు నా దగ్గర ఉంది. 1950ల నాటిది. రెండు సిలిండర్లు, విడిగా పెట్రోలు ట్యాంకు, ట్యాంకు నుంచి మోటారుకు జంట గొట్టం ఉన్నాయి. చిన్న చెక్క పడవకు బిగించి బ్యారేజీ ఎగువన తిప్పుకుంటాం. ఇంతకుముందు ముగ్గురం ఎక్కినా చక్కగా లాగేది. గత వేసవి నుంచి పరిస్థితి మారింది. తాడు ఒకటి రెండు సార్లు లాగితే స్టార్ట్ అవుతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పూర్తి వేగం ఇస్తే మాత్రం కాసేపు బాగా లాగి, తర్వాత శబ్దం మారి నీరసించిపోతుంది. చోక్ కొద్దిగా లాగితే క్షణంపాటు ఊపందుకుంటుంది, మళ్లీ పడిపోతుంది. మెకానిక్ కార్బొరేటర్ రెండుసార్లు కడిగి, ప్లగ్గులు మార్చి చూశారు. ఇప్పుడు పిస్టన్ రింగులు పోయాయని, బ్లాకు విప్పాలని అంటున్నారు. విప్పించమంటారా?
— ఒక పాఠకుడు, సీతానగరం, గుంటూరు జిల్లా

జవాబు: ఇప్పుడే విప్పించవద్దు. అయితే కారణం తేలేదాకా, కింద చెప్పే కొద్దిసేపటి పరీక్షలకు తప్ప, ఆ మోటారును పూర్తి వేగంతో నడపను కూడా నడపవద్దు. ఈ రెండో మాటనే గట్టిగా చెప్పదలచుకున్నాను. మీది టూస్ట్రోక్ ఇంజను, దానికి విడిగా ఆయిల్ చాంబరు ఉండదు. క్రాంక్ బేరింగులకూ పిస్టన్లకూ అందే నూనె అంతా పెట్రోలుతో కలిసి వచ్చేదే కాబట్టి, పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే, పైగా పలుచని మిశ్రమం మండినప్పుడు వేడి పెరుగుతుంది. అలా వేడెక్కి, నూనె అందక నడిచిన ఇంజనులో పిస్టన్ పక్కలు గీసుకుపోతాయి. మీ మెకానిక్ గారు ఇవాళ అనుమానిస్తున్న రింగుల జబ్బు నిజంగానే వచ్చేది అప్పుడు.

మీ ఉత్తరంలో అన్నింటికంటే విలువైన సమాచారం చోక్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. చోక్ లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. అలా చేసినప్పుడు ఇంజను ఊపందుకుందంటే అది పెట్రోలు చాలక ఆకలితో ఉందని అర్థం. రింగులు పోయిన ఇంజను చోక్ లాగితే బాగుపడదు. పైగా రింగులు పోతే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడమే కష్టమవుతుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా తడబడుతుంది. మీది ఒకటి రెండు లాగులకే అందుకుంటోంది.

అనుమానం లేకుండా ఉండటానికి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి, ఒకసారి కొలిపించండి. ఆటోనగర్‌లో స్కూటర్లు, ఆటోలు బాగుచేసే ఏ పెద్ద షాపులోనైనా కంప్రెషన్ గేజి ఉంటుంది. రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్ల కొసలను ఇంజను బాడీకి తగిలేలా కట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి ముల్లు ఇక పెరగనంతవరకు తాడు లాగాలి. ఈ తరహా పాత ఇంజన్లకు చదరపు అంగుళానికి 60 నుంచి 90 పౌండ్ల మధ్య ఎక్కడ ఉన్నా ఫరవాలేదు. అంకె కంటే ముఖ్యమైనది రెండు సిలిండర్ల మధ్య తేడా. అది పది శాతం దాటకపోతే బ్లాకు జోలికి వెళ్లనవసరం లేదు. ఒకటి బాగుండి రెండోది బాగా తక్కువగా ఉంటే అప్పుడు కూడా ముందు హెడ్ గ్యాస్కెట్ చూడాలి, ఆ తర్వాతే రింగులు.

ఇక అసలు చోటుకు వద్దాం. మీ ట్యాంకుకు జంట గొట్టం ఉందని రాశారు. 1949లో జాన్సన్ కంపెనీ 10 హార్స్‌పవర్ మోటారుతో ప్రవేశపెట్టిన ఏర్పాటు అది. ఆ మోటార్లకు పెట్రోలు పంపు ఉండదు. క్రాంక్‌కేసులో పుట్టే గాలి ఒత్తిడి ఒక గొట్టం గుండా ట్యాంకులోకి వెళ్లి పెట్రోలు మీద ఒత్తుతుంది, ఆ ఒత్తిడికి పెట్రోలు రెండో గొట్టం గుండా పైకి ఎక్కుతుంది. కాబట్టి ట్యాంకు గాలి చొరబడనంత బిగువుగా ఉండాలి. మూత కింది గ్యాస్కెట్ గట్టిపడి పగిలినా, పైన వత్తే ప్రైమర్ మీట దగ్గర సీలు వదులైనా, గొట్టం కొసన ఉండే కనెక్టరు రింగులు అరిగినా, గాలి కారిపోతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు కొద్దిపాటి పెట్రోలు చాలు కనుక అప్పుడు లోపం బయటపడదు. పూర్తి వేగానికి వెళ్లగానే కార్బొరేటర్ గిన్నెలో ఉన్నది అయిపోయేదాకా బాగా లాగుతుంది, అది ఖాళీ అయ్యాక నీరసిస్తుంది. మీరు వర్ణించింది అక్షరాలా ఇదే.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. పడవలో తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకుని, ఇంజను నీరసించడం మొదలుపెట్టగానే ట్యాంకు మీది ప్రైమర్‌ను వరుసగా వత్తమనండి. బలం తిరిగి వచ్చి, వత్తుతున్నంతసేపు నిలిచిందంటే లోపం ట్యాంకుకూ కార్బొరేటర్‌కూ మధ్యనే ఉంది. రెండో ఆనవాలు మూత దగ్గర దొరుకుతుంది. కొంతసేపు నడిపి, ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మూత నెమ్మదిగా వదులు చేస్తే బుస్సుమని గాలి బయటికి రావాలి. రాలేదంటే ఒత్తిడి నిలవడం లేదు. ఈ పని ఒడ్డున, గాలి ఆడే చోట, దగ్గరలో బీడీ, పొయ్యి లాంటివేవీ లేకుండా చూసుకుని చేయండి. ఒత్తిడితో ఉన్న పెట్రోలు ఆవిరి మాటలతో చెప్పలేనంత ప్రమాదకరం. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, ఈ మోటారుకు ఇప్పటి మామూలు ట్యాంకు తెచ్చి తగిలిస్తే పనిచేయదు, ఎందుకంటే వాటి మూతకు గాలి రంధ్రం ఉంటుంది, ఒత్తిడి నిలవదు.

గత వేసవి నుంచే ఇలా జరుగుతోందన్నారు గనుక పెట్రోలు సంగతి కూడా ఆలోచించాలి. 2023లో మన దేశంలో ఈ20 పెట్రోలు అమ్మకం మొదలైంది, 2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దాదాపు అన్నిచోట్లా మామూలైపోయింది. 1950ల మోటారు ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది. గొట్టం పైకి కొత్తదానిలా కనబడుతూనే, లోపలి పొర ఉబ్బి దారి మూసేయవచ్చు. ఆ నాటి కార్బొరేటర్లలో ఫ్లోటు (గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని నిలిపే ముక్క) బెండుతో చేసి, పైన లక్క పూత పూసి ఉంటుంది. ఇథనాల్ ఆ పూతను కరిగిస్తుంది. కరిగిన జిగురు జెట్టులోకి, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంలోకి చేరుతుంది. కార్బొరేటర్ రెండుసార్లు కడిగినా మళ్లీ అదే కథ అయిందంటే, మురికి పుట్టేది జెట్టులో కాదు, దానికంటే పైన ఎక్కడో అని గ్రహించాలి. గిన్నె విప్పి ఫ్లోటును వేలితో తాకి చూడండి. వేలికి బంకగా అంటుకుంటే మార్చవలసిందే. జంట గొట్టం కూడా ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడం మంచిది.

ఇథనాల్‌తో ఇంకో చిక్కు ఉంది, అది మన నదీతీరానికి మరీ వర్తిస్తుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం నిండిన ట్యాంకును వర్షాకాలంలో నెలల తరబడి వదిలేస్తే, ఒక దశలో నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. ఆ అడుగు పొరలో టూటీ ఆయిల్ (పెట్రోలులో కలిపే టూస్ట్రోక్ నూనె) కలవదు, అంటే ఇంజను నూనె లేని ద్రవాన్ని పీలుస్తుందన్నమాట. ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలు గాజు సీసాలోకి తీసి, రాత్రంతా కదలకుండా ఉంచి, ఉదయం వెలుతురుకు పట్టి చూడండి. రెండు పొరలు కనబడితే ఆ పెట్రోలు మొత్తం తీసేయాలి. ఇకమీదట కొద్ది వారాల్లో అయిపోయేంతే కొనుక్కోండి, వాడకం లేనప్పుడు ట్యాంకూ కార్బొరేటర్ గిన్నె రెండూ ఖాళీ చేసి పెట్టండి.

ఇవన్నీ సరిచేశాక ఒక చిన్న సర్దుబాటు మిగులుతుంది. మీ కార్బొరేటర్‌కు వేగానికి ఒకటి, నెమ్మదికి ఒకటి చొప్పున రెండు సూది స్క్రూలు ఉంటాయి. ఇథనాల్‌లో ఆక్సిజన్ కలిసే ఉంటుంది కాబట్టి, పాత పెట్రోలుకు సరిపోయిన సూది ఈ20కి పలుచనవుతుంది. వేగపు సూదిని మెల్లగా చివరిదాకా తిప్పి, బిగించకుండా, ముప్పావు నుంచి ఒక చుట్టు వెనక్కి తెరిచి మొదలుపెట్టండి. తర్వాతి సర్దుబాటు నీళ్ల డ్రమ్ములో కాదు, నీటి మీద, పడవ బరువు లాగుతుండగానే జరగాలి. కొద్దికొద్దిగా మూస్తూ పోతే ఒక చోట ఇంజను కార్బొరేటర్ గుండా తుమ్మినట్టు చప్పుడు చేస్తుంది. అది పలుచనకు హద్దు. అక్కడి నుంచి కొంచెం వెనక్కి తెరిచి, ఇంకొంచెం ఎక్కువే ఉంచండి. కాస్త పొగ వచ్చినా నష్టం లేదు.

ప్రైమర్ వత్తినా బలం రాకపోతే అప్పుడు ప్లగ్గులకు నిప్పు పుట్టించే మాగ్నెటో వైపు చూడాలి. ఆ కాలపు మాగ్నెటో కాయిళ్ల పైపొర వేసవిలో నల్లరేగడి బీటలు వారినట్టు పగిలిపోయి ఉండటం సర్వసాధారణం. చల్లగా ఉన్నప్పుడు నిప్పు బాగానే ఇచ్చి, వేడెక్కాక ఒక సిలిండర్‌కు ఇవ్వడం మానేస్తాయి. అందువల్ల పరీక్ష వేడి మీదనే చేయాలి. ఇంజను నీరసించిన స్థితిలోనే, రబ్బరు చేతి తొడుగు వేసుకుని, ఒక్కొక్క ప్లగ్గు నిప్పును బాడీకి మళ్లించి చూడండి. ఒకదాన్ని ఆపినప్పుడు ఇంజను తడబడి, రెండోదాన్ని ఆపినప్పుడు ఏ మార్పూ లేకపోతే ఆ రెండో సిలిండర్ అప్పటికే చచ్చిపడి ఉంది. ప్లగ్గు టోపీని గాలిలో వదిలేయవద్దు, దారి లేని నిప్పు కాయిల్‌ను లోపలి నుంచే కాలుస్తుంది. బాగున్న కాయిల్ పావు అంగుళం సందును నీలంగా, పెళుసైన చప్పుడుతో దాటాలి. నిప్పు పుట్టేలా కరెంటును తెంచే పాయింట్ల సందు 0.020 అంగుళాలు, అంటే అర మిల్లీమీటరు. వాటిని చూడటానికి ఫ్లైవీల్ తీయాలి, దాన్ని పుల్లర్‌తోనే తీయాలి. సుత్తితో కొట్టి తీసిన ఫ్లైవీల్ క్రాంక్ కొసను వంచుతుంది. ఆ మోడళ్లకు సరిపోయే కాయిళ్లు నేటికీ కొత్తవి తయారవుతున్నాయి కాబట్టి పగిలినదాన్ని అతికించి వాడుకోనవసరం లేదు.

పంకా (ప్రొపెల్లర్), పడవల విషయం మీ కేసులో అంతగా అనుమానించను. ఇంజను చప్పుడు పెరిగి పడవ మాత్రం కదలకపోతే అప్పుడు పంకా రబ్బరు బుష్ జారుతోందని అనుకోవాలి. మీకు చప్పుడే తగ్గుతోంది. చెక్క పడవ నీరు పీల్చి బరువెక్కిందేమో మాత్రం ఒకసారి ఒడ్డుకు లాగి చూసుకోండి.

ఆయిల్ గురించి మీరు రాయలేదు, కానీ అడగకుండా ఉండలేను. 1950ల నాటి ఈ ఇంజన్లకు 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె, అంటే లీటరుకు దాదాపు 42 మిల్లీలీటర్లు కలపాలి. స్కూటర్ల అలవాటు కొద్దీ లీటరుకు 20 మిల్లీలీటర్లు పోస్తే అది సగానికంటే తక్కువే. నూనె కూడా నీటితో చల్లబడే మోటార్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 రకం అయి ఉండాలి. స్కూటర్ ఆయిల్ గాలితో చల్లబడే, బాగా వేడిగా నడిచే ఇంజన్ల కోసం చేసింది, దాని బూడిద మీ మోటారు పిస్టన్ మీద పేరుకుంటుంది.

పరీక్షలకు నీటి మీదికి వెళ్లినప్పుడు లైఫ్ జాకెట్లు, తెడ్లు తప్పనిసరిగా ఉండాలి. బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో, ఆగిపోయే అవకాశం ఉన్న మోటారుతో ఎగువన దిగవద్దు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా షెడ్డులో ఉన్న పాత ఔట్‌బోర్డ్ మోటారు రోజుల తరబడి మునిగిపోయింది. తర్వాత కడిగి, సిలిండర్లలో నూనె పోసి తిప్పితే కదిలింది. ఇప్పుడు స్టార్ట్ అవుతోంది గానీ మునుపటి బలం లేదు, త్వరగా వేడెక్కుతోంది. వెనక రంధ్రం నుంచి నీటి తుంపర వస్తూనే ఉంది కదా, మరి వేడి ఎందుకు?
— ఒక పాఠకురాలు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ఆ రంధ్రం నుంచి వచ్చే తుంపరను నమ్ముకోవద్దు. చాలా పాత మోటార్లలో అది పొగ బయటికి పోవడానికి పెట్టిన దారి, పొగతో పాటు కొంత నీరు చిమ్ముతుంది. పంపు నీరు పైకి ఎత్తుతోందని మాత్రమే అది చెబుతుంది, ఆ నీరు సిలిండర్ చుట్టూ అన్ని మూలలకూ చేరుతోందో లేదో చెప్పదు. బుడమేరు నీటితో వచ్చింది మెత్తని ఒండ్రు. అది సిలిండర్ చుట్టూ ఉండే సన్నని నీటి దారుల్లో చేరి, ఎండి, గట్టిపడిపోతుంది. పైపు పెట్టి కడిగితే నీరు తేలికగా పోయే దారినే వెతుక్కుంటుంది, గట్టిపడిన మట్టి అలాగే ఉండిపోతుంది.

మీరు చేయవలసిన మొదటి పని హెడ్ తీయించడం. తొందరపడితే ఇక్కడే మోటారు పాడవుతుంది. అల్యూమినియం బ్లాకులో ఏళ్లుగా బిగిసి ఉన్న ఇనుప బోల్టులు బలంగా తిప్పగానే తెగిపోతాయి. తుప్పు వదిలించే నూనెను రోజూ వేస్తూ కొన్ని రోజులు ఆగి, బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడిచేసి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదుపుతూ తీయాలి. వేడిచేసేముందు ట్యాంకు, గొట్టాలు, కార్బొరేటర్ తీసి దూరంగా పెట్టించండి. హెడ్ వచ్చాక నీటి దారుల్లోని మట్టిని మెత్తని తీగతో గోకి, అన్ని రంధ్రాల నుంచీ నీరు సమానంగా వచ్చేదాకా కడగాలి. పంపు ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు వంగిన చోటే బిగుసుకుపోయి ఉంటాయి, దాన్ని చూడటం కూడా దండగ, కొత్తది వేయించండి. హెడ్ గ్యాస్కెట్ పాతది తిరిగి వాడవద్దు.

బలం తగ్గడానికి వేడి ఒక కారణమైతే, ఫ్లైవీల్ కింద తుప్పు ఇంకో కారణం కావచ్చు. పాయింట్ల ముఖాల మీద సన్నని తుప్పు పొర ఉన్నా నిప్పు బలహీనపడుతుంది. సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, ఆ తర్వాత శుభ్రమైన అట్టముక్కను పాయింట్ల మధ్య లాగి ఆ పొడి పూర్తిగా తుడవాలి. ఇంజను గాలి పీల్చే చోట ఉండే పలుచని రేకు కవాటాలు కూడా తుప్పుపడితే సరిగా మూసుకోవు, లోపలికి పీల్చిన మిశ్రమం వెనక్కి తన్నుతుంది. కింది గేరుపెట్టె ఆయిల్ కొంచెం బయటికి తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది, సీళ్లు మార్చి కొత్త ఆయిల్ పోయాలి.

ఇవన్నీ చేయించేముందు ఒక్క విషయం మాత్రం తేల్చుకోండి. ప్లగ్గులు తీసి ఫ్లైవీల్‌ను చేతితో నెమ్మదిగా తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగరమంటే, లేదా ఇంజను నడుస్తున్నప్పుడు లోపలి నుంచి గుడగుడ శబ్దం వస్తే, క్రాంక్ బేరింగులు తుప్పు తిన్నాయని అర్థం. అలాంటి మోటారును ఇక స్టార్ట్ చేయవద్దు. బేరింగు ముక్క ఊడిందంటే క్రాంకునూ కనెక్టింగ్ రాడ్‌నూ కూడా తీసుకుపోతుంది. చేతికి నునుపుగా తిరిగితే మాత్రం ఆ మోటారు మీద పెట్టే ఖర్చు వృథా కాదు.

వరదలో మునిగిన ఇంజనుకు తొలి కొన్ని గంటలే ప్రాణం. నీటిలో ఉన్నంతసేపు తుప్పు నెమ్మదిగా పడుతుంది, బయటికి తీసి గాలి తగలగానే ఊపందుకుంటుంది. తీసిన రోజే మంచినీటితో కడిగి, ప్లగ్గులు తీసి తలకిందులు చేసి నీరంతా వంచి, లోపల నూనె నింపి తిప్పి, వీలైతే అదే రోజు స్టార్ట్ చేసి ఆరేదాకా నడపాలి. ఒండ్రు లోపలికి పోయిందనిపిస్తే స్టార్ట్ చేయకుండా నూనెలోనే ఉంచి మెకానిక్‌కు అప్పగించాలి.

ప్రశ్న: పాత పెట్రోలు ఔట్‌బోర్డ్‌కు కొంత కిరోసిన్ కలిపితే ఖర్చు తగ్గి, బాగా లాగుతుందని ఒకరు చెప్పారు. కలపవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కలపవద్దు. కిరోసిన్‌తో నడిచే ఔట్‌బోర్డ్‌లు వేరే ఉన్నాయి. వాటి కంప్రెషన్ తక్కువగా ఉంటుంది, అవి పెట్రోలుతో స్టార్ట్ అయి, వేడెక్కిన తర్వాతే కిరోసిన్‌కు మారతాయి, ఆపేముందు మళ్లీ పెట్రోలుకు వస్తాయి. పెట్రోలు మోటారులో కిరోసిన్ కలిపితే ఆక్టేన్ పడిపోయి, బరువు మీద లాగేటప్పుడు పిస్టన్ పైభాగంలో టకటకమనే దెబ్బలు మొదలవుతాయి. ఆ చప్పుడు పంకా హోరులో మీకు వినబడకపోవచ్చు గానీ పిస్టన్‌కు మాత్రం తెలుస్తుంది. సగం మండిన కిరోసిన్ ప్లగ్గుల మీద మసిగా పేరుకుంటుంది, సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేస్తుంది. ఇప్పటికే కలిపి వాడి ఉంటే, ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలూ సరైన పాళ్లలో ఆయిలూ పోసి, ప్లగ్గులు మార్చి, ఒకసారి కంప్రెషన్ కొలిపించుకోండి.